రాజయ్య రాయికి అవతల

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవడు ప్రవీణ్ కూతుర్ని తీసుకుని నల్లగొండకు వచ్చాడు. భోజనాలయ్యాక టీవీలో క్రికెట్ పెట్టుకుని తండ్రీ కూతుళ్లు వాదనకు దిగారు. ప్రవీణ్ తన చిన్నతనంలో చూసిన బ్యాట్స్‌మన్‌ను మించినవాడు పుట్టలేదంటాడు. పద్నాలుగేళ్ల శ్రీజ, ఇప్పటివాడు కొట్టిన సిక్సర్లు మీవాడు కలలో కూడా కొట్టలేదంటుంది. అప్పటి మైదానాలు పెద్దవని తండ్రి, అప్పటి బౌలింగు మెత్తనిదని కూతురు. బ్యాట్లు ఇప్పుడు బరువెక్కాయని ఒకరు, అప్పుడు ఇన్ని కెమెరాలు తప్పులు పట్టేవి కావని ఇంకొకరు. గంటసేపు విన్నాను. ముప్పై ఎనిమిదేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని కనుక చివరికి ఇద్దరూ నా దిక్కు తిరిగారు. "అవ్వా, నువ్వు చెప్పు. ఎవరు గొప్ప?" అంది శ్రీజ. నేను ఆ ఇద్దరి ఆటా సరిగా చూసినదాన్ని కాను. చూడనిదానికి మార్కులు వేయడం నాకు అలవాటు లేదు. ఆ మాటే చెప్పాను.

అంతలో గాలికి కిటికీ రెక్క దబ్బున కొట్టుకుంది. రెక్కకు ఆపుగా పెట్టే కట్టె జారి కింద పడింది. శ్రీజ దాన్ని తీసి చేతిలో తిప్పి చూసింది. నల్లగా నున్నగా, ఒక కొన దగ్గర కొద్దిగా లొత్తలు పడి ఉన్న తుమ్మకట్టె. "ఇదేంటి అవ్వా, బ్యాట్‌లాగా పట్టు దొరుకుతోంది?" అంది. ఏళ్ల తరబడి అది నాకు కిటికీ ఆపు మాత్రమే. ఆ పిల్ల రెండు చేతులా పట్టుకుని నిలబడేసరికి మా తాత నా ముందు నిలబడ్డట్టయింది. అది మా రాజయ్య తాత గోనె. పద్దెనిమిది అంగుళాలు. ఎవరు గొప్ప అన్న తగవును నేను ఒక్కసారి మాత్రం మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. అది పోలీసు చర్యకు మూడేళ్ల ముందు, నూలుకు కంట్రోలు నడుస్తున్న రోజుల్లో. అప్పుడు నాకు పదకొండో ఏడు.

మా ఆట పేరు చిర్రగోనె. కోస్తా వాళ్లు బిళ్లంగోడు అంటారట. రెండు కొనలూ చెక్కిన బెత్తెడు చెక్కముక్క చిర్ర. దాన్ని కొట్టే కట్టె గోనె. చిర్ర కొనమీద గోనెతో తట్టితే అది గాలిలోకి లేస్తుంది. లేచినదాన్ని నేలకు రాకముందే కొట్టాలి. అది ఎంత దూరం పడితే అంత గొప్ప. దూరాన్ని గోనెతోనే కొలుస్తారు, ఒక కొన మీద ఒక కొన పెట్టుకుంటూ. ఇక్కడొక మెలిక ఉంది. కొట్టినవాడు చిర్ర పడ్డచోటు చూసి, ఇన్ని గోనెలు అని ముందే అడగాలి. ఎదుటిపక్షానికి సమ్మతమైతే సరే. అనుమానమైతే "కొలువు" అంటారు. కొలిచినప్పుడు ఒక్క గోనె తక్కువ వచ్చినా అడిగినవాడు ఆట నుంచి పోయినట్టే. భయపడి తక్కువ అడిగితే కొట్టింది దండగ. అందుకని చిర్రగోనెలో చేతి బలం సగం, కంటి లెక్క సగం. గోనె పొడవుకు మా దిక్కున ఒక కట్టడి ఉండేది. ఎవరి మూరకు వాళ్లది, ఆ మీద రెండు వేళ్లు. ఇంకొకరి గోనెతో ఆడకూడదు. ఎందుకని అడిగితే పెద్దలు "గట్లనే" అనేవారు. ఆ "గట్లనే" వెనక ఎంత ఆలోచన ఉందో నాకు తెలిసేసరికి ఆ సంవత్సరం రావలసి వచ్చింది.

మాది సాలెవాడ. ఇంటికి రెండు మగ్గాలు. తెల్లవారకముందే మా అవ్వ, రాజయ్య తాత భార్య, పొయ్యి మీద రెండు కుండలు ఎక్కించేది. ఒకటి మాకు జొన్న అంబలి, ఇంకొకటి నూలుకు బియ్యపు గంజి. రెండూ ఒకేసారి ఉడికి, రెండు వాసనలూ కలిసిపోయి, ఏది మనుషులది ఏది నూలుది అని తెలిసేది కాదు. ఊరి వెలుపల వంద గజాల పొడుగున, రాయీరప్పా ఏరి చదును చేసిన జాగా ఒకటి ఉండేది. పడుగుల బాట అనేవాళ్లం. పొద్దు ఎక్కకముందే మగవాళ్లు పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను, ఆ బాట మీద గుంజల మధ్య చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో ఒక కొస నుంచి ఒక కొసకు దువ్వుకుంటూ నడిచేవారు. ఎండ చురుక్కుమనేసరికి పోగులు తీగల్లా బిగిసేవి. అప్పుడు చుట్టి ఇంటికి తెచ్చుకునేవారు. ఆ తర్వాత మగ్గాల చప్పుడు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేదాకా నాడె అటూ ఇటూ పోతూనే ఉండేది. సాయంత్రం ఆ బాట ఖాళీ. ఖాళీగా, చదునుగా, నిటారుగా ఉన్న ఆ జాగాలో సాలెవాడ మగపిల్లలు చిర్రగోనె ఆడేవారు. మా ఊళ్లో ఇంకెక్కడా అంత కంపలేని నేల లేదు.

ఆ బాట చివరన ఒక తెల్లరాయి పాతి ఉండేది. మేళ్లచెరువు దిక్కు నుంచి వచ్చే సున్నపు బండి మీది నుంచి ఎప్పుడో జారిపడ్డ రాయట అది. మా బాపు ఇంకా పుట్టనప్పుడు, పక్కూరి సాలెవాళ్లతో పందెం పడి మా తాత కొట్టిన చిర్ర అక్కడ పడింది. తాత నూట అరవై అడిగాడు. వాళ్లు కొలువు అన్నారు. నూట అరవయ్యో గోనె కొన సరిగ్గా చిర్రకు తగిలిందని చెప్పుకునేవారు. ఆ చోట ఆ రాయి పాతారు. దాని పేరు రాజయ్య రాయి. ముప్పై ఏళ్లకు పైగా ఎవరి చిర్రా దాన్ని దాటలేదు. మా వాడలో పుట్టిన ప్రతి మగపిల్లవాడు మీసాలు రాగానే ఒకసారి ఆ రాయి దిక్కు కొట్టి చూసుకుని, తల దించుకుని మగ్గం గుంతలోకి దిగేవాడు.

నాకు గుర్తున్న తాత మాత్రం పొట్టి మనిషి. కళ్లలో పువ్వులు వేసి చూపు మసకబారితే మగ్గం దిగి, అవ్వ పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేవాడు. అది ఆడవాళ్ల పని. దాని మీద అవ్వ రోజూ ఒక మాట వేసేది.

"నూట అరువై కొట్టిన చెయ్యి గిది. కండె సూడుండ్రి, గుమ్మడికాయ లెక్క చుట్టిండు."

"నీ కండెలు సన్నగుంటయి, నీ మాటలే లావు," అనేవాడు తాత.

నాకు లెక్కలు నేర్పింది ఆయనే. ఊళ్లో ఉన్న బడి ఉర్దూది, మగపిల్లలది. తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పోగులు లెక్కపెట్టించేవాడు. నూట ఇరవై పోగులు ఒక పుంజం. ఇన్ని పుంజాలకు ఎన్ని పోగులు, అందులో ఎన్ని తెగాయి, ఎన్ని మిగిలాయి. తప్పు చెబితే కొట్టేవాడు కాదు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టమనేవాడు. అది కొట్టడం కంటే ఎక్కువ. ఏడాది తిరిగేసరికి ఇంట్లో వాళ్లు ఏ కొలతకైనా నన్ను పిలవడం మొదలుపెట్టారు. సాయంత్రాలు మగపిల్లల ఆటలో తగవొస్తే కొలిచేది కూడా నేనే. ఆడపిల్ల ఆడకూడదు కాని కొలవవచ్చు. నేను ఎవరి పక్షమూ కాదని వాళ్లకు నమ్మకం. నిజానికి నేను తాత పక్షం. కాని కొలిచేటప్పుడు ఆ సంగతి నా చేతికి తెలియనిచ్చేదాన్ని కాదు.

కంట్రోలు వచ్చాక నూలు కార్డుల మీద కొద్దికొద్దిగా దొరికేది. వారంలో నాలుగు రోజులు మగ్గాలు ఊరికే ఉండేవి. ఊరు అలవాటు లేనంత నిశ్శబ్దమైంది. ఒక సాయంత్రం ఆ నిశ్శబ్దంలో ఎక్కడో దూరంగా టప్పుమని ఒక చప్పుడైంది. తాత రాట్నం ఆపాడు.

"గా చప్పుడు ఎవల్ది?"

"ఏ చప్పుడు?" అంది అవ్వ.

మళ్లీ అయింది. తాత ముఖం ఆ దిక్కు తిప్పి కూర్చున్నాడు. "గది చిర్ర నడుమ తాకిన చప్పుడు. కొనకు తాకితె గట్ల పలకది. ఎన్నేండ్లాయె గా చప్పుడు ఇనక. లచ్చీ, జర పోయి సూసి రా బిడ్డా."

వెళ్లి చూశాను. ఊరికి ఆ పక్క కూలివాళ్ల వాడ వెనక రాళ్లు, పరిగికంపలు. అక్కడ ఎల్లయ్య ఆడుతున్నాడు. పటేలు దగ్గర జీతగాడు. పగలంతా మోట తోలి, పొద్దుగూకినాక ఒక గంట మాత్రం తన మనిషి. ఆరడుగుల ఎత్తు, తాళ్లు పేనినట్టు చేతులు. కొట్టినప్పుడల్లా చిర్ర కంపల మీదుగా ఎగిరి ఎక్కడో పడేది. ఆట కంటే వెతకడానికే ఎక్కువసేపు పట్టేది. ఒక్కోసారి దొరికేది కాదు. వాడి తమ్ముళ్లు ముళ్లు గీరుకుని రక్తాలతో వచ్చేవారు. ఇంటికి వచ్చి తాతకు చూసింది చూసినట్టు చెప్పాను.

ఆ వేసవి అంతా ఊళ్లో ఇదే మాట. ఎల్లయ్య దెబ్బ రాజయ్య రాయి దాటుతుందని కుర్రవాళ్లు, దాటదని ముసలివాళ్లు. ఆ కాలంలో చిర్రలు బరువని ఒకరు, ఇప్పుడు తిండి లేదు, కంట్రోలు గింజలు తిని ఇంత కొట్టడమే ఎక్కువని ఒకరు. మొన్న ప్రవీణూ శ్రీజా అనుకున్న మాటల్లో కొత్తది నాకు ఒక్కటీ వినబడలేదు. మా పెద్దబాపు సత్తయ్య, తాతకు పెద్ద కొడుకు, వాడకు నూలు పంచే మనిషి. పడుగుల బాట బాగోగులూ ఆయనవే. ఆయన ఒక్క మాటతో కొట్టేసేవాడు. "కంపల పడ్డదానికి లెక్కెక్కడిది? దొరకని చిర్రను ఎంత దూరమన్న అనొచ్చు."

తాత అంబలి తాగుతూ విన్నాడు. "నిజమే. కంపల కొలుసుడు కాదు. మన బాట మీదికి రమ్మను."

పెద్దబాపు చెయ్యి ఆగింది. కూలివాడ వాళ్లెవరూ ఆ బాట మీద అడుగు పెట్టేవారు కారు. గంజి పెట్టిన పడుగు ముట్టుడై మైలపడుతుందనే పట్టింపు. సాయంత్రం అక్కడ పడుగు ఉండదు కదా అని ఎవరూ అడగలేదు. "ఒక్కడొస్తె ఆగుతదా నాయినా? రేపు వాడంతొస్తది," అన్నాడు పెద్దబాపు.

"రానీ. నా రాయిని దాటినోడు వస్తే ఏమైతది?"

పెద్దబాపు నలుగురిలోకి వెళ్లి మాట పెట్టి వచ్చాడు. ఎల్లయ్యను పిలిపించి అందరి ముందు చెప్పాడు. "రెండు దెబ్బలు నీయి. నీ చిర్ర రాయి దాటితె మీ వాడ పిలగాండ్లు పొద్దుమూకి గీడనే ఆడుకోండ్రి. దాటకుంటె మల్ల ఎవ్వరు అడగొద్దు. మీ మనుమలు గూడ అడగొద్దు."

ఎల్లయ్య తమ్ముళ్ల కాళ్ల దిక్కు చూశాడు. మోకాళ్ల కింద అంతా ముళ్లు గీరిన గాట్లు. "అట్లనే సావుకారి," అన్నాడు. వెళ్లేటప్పుడు మా గడప బయట నిలబడి నన్ను నెమ్మదిగా అడిగాడు. "పట్వారమ్మా, తాత గోనె ఎంతుంటది?" కొలతలు చెబుతానని నన్ను అలా పిలిచేవాడు. పద్దెనిమిది అంగుళాలు అని చెప్పాను. ఎందుకడిగాడో నాకు తట్టలేదు.

పందెం నాటి సాయంత్రానికి బాట రెండు పక్కలా జనం. ఒక పక్క మావాళ్లు, ఒక పక్క వాళ్లు. నడుమ బాట అంత వెడల్పు. అవ్వ తాతను చెయ్యి పట్టుకుని తెచ్చి, చిర్ర పెట్టే గుంతకు పది అడుగుల దూరంలో నులకమంచం వేయించి కూర్చోబెట్టింది. "నీ రాయిని నువ్వే తీయించుకుంటున్నవు. గిసువంటి మొగోన్ని నేనేడ సూల్లె," అంది. తాత నవ్వాడు. ఎల్లయ్య గుంత దగ్గర నిలబడి, ముందు చేతులు దులుపుకుని, తర్వాత నేలకు మొక్కి, చిర్ర పెట్టి తట్టి కొట్టాడు. మంచి దెబ్బే. కాని రాయికి చాలా ఇవతల పడింది. నూట ఇరవై కూడా ఉండదు. మా పక్క నుంచి ఈలలు వేశారు. "మోట తోలుడు గాదు బిడ్డా గిది," అన్నారెవరో. అవతలి పక్క ఒక తల్లి పిల్లవాడి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరగబోయింది.

తాత మాత్రం తల ఎత్తాడు. "ఎల్లిగా, ఇటు రా. నీ గోనె ఇటియ్యి."

చూపు ఆనక చేతులతోనే గోనెను పై నుంచి కింది దాకా తడిమాడు. తర్వాత ఎల్లయ్య చెయ్యి పట్టుకుని, మోచేయి నుంచి వేళ్ల కొనదాకా దాని పక్కన పెట్టి చూశాడు. గోనె ఎల్లయ్య మూరకంటే కూడా పొట్టిగా ఉంది. "గిది నీ మూర కాదు," అన్నాడు.

ఎల్లయ్య తల దించుకున్నాడు. "నీ గోనె అంతనే కోసుకొచ్చిన తాతా. పెద్ద కట్టెతోటి కొట్టి గెలిసిండంటరని."

"ఎవలంటరు?"

ఎల్లయ్య మా పక్కకు చూడలేదు. అయినా అందరికీ అర్థమైంది. పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు.

"నా కట్టెతోటి నేనే కొట్టాలె," అన్నాడు తాత. "నువ్వు నా కట్టెతోటి కొడితె నువ్వెంతనో నాకెట్ల తెలుస్తది? పో, నీది తెచ్చుకో."

ఎల్లయ్య తమ్ముడు పరుగెత్తాడు. అందరం ఎదురుచూశాం. పొద్దు గుట్ట మీదికి వాలుతోంది. పెద్దబాపు "ఒక్క దెబ్బనే మిగిలింది" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనబోతుంటే అవ్వ, "మాకు లెక్కొస్తది తియ్యి కొడుకా," అంది. తమ్ముడు తెచ్చిన గోనె ఇరవై ఒక్క అంగుళాలు. ఎల్లయ్య దాన్ని పట్టుకోగానే నిలబడే తీరే మారింది. భుజాలు దిగాయి. చిర్ర లేచింది. టప్పుమంది. తాత ఆ చప్పుడు వినగానే కళ్లు మూసుకున్నాడు. నేను చిర్రను చూస్తూనే ఉన్నాను. అది గుంజలు దాటి, ఇంకా పైన ఉండగానే తెల్లరాయి మీదుగా పోయి, అవతల పడి ఒక్కసారి ఎగిరి నిలిచింది. మా ఆటలో మొదట తాకిన చోటే లెక్క. అక్కడ నేను అప్పటికే గులకరాయి పెట్టేశాను. రాయికి అవతలే.

రెండు పక్కలా కేకలు. అందులో పెద్దబాపు గొంతు. "ఆగుండ్రి. ఆట కట్టడి ఉన్నది. ఎన్ని అడుగుతవో అడుగు."

ఎల్లయ్య బాట పొడుగునా ఒకసారి చూశాడు. "నూట నలుపై."

"కొలువు," అన్నాడు పెద్దబాపు.

నేను ఎల్లయ్య గోనె తీసుకుని మోకాళ్ల మీద వంగాను. ఒక కొన మీద ఒక కొన. నేను అన్న అంకెను రెండు పక్కల వాళ్లూ తిరిగి అంటూ నాతో పాటు నడిచారు. నూరు దాటేసరికి ఆ బాటకు అటు ఎవరు ఇటు ఎవరు అన్నది కలగాపులగమైపోయింది. నా వెనక అంతా ఒక్కటే గుంపు. నూట నలభై దగ్గర గోనె కొన గులకరాయికి తగిలింది. తక్కువా కాదు, ఎక్కువా కాదు.

"నూట నలుపై," అన్నాడు పెద్దబాపు, అందరూ వినేటట్టు. "నాయినది నూట అరువై. ఎవరి గోనెతోటి వాల్లది లెక్క. గిది నేను పెట్టిన కట్టడి గాదు, తాతముత్తాతలది. ఇరువై తక్కువ."

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే అసలు చిక్కు. ఎల్లయ్య కూడా ఒప్పుకున్నాడు. "నిజమే సావుకారి. నూట అరువై నాకు అందలే." చేతిలో గోనె కిందికి దిగింది. వాళ్ల వాడ పిల్లలు అతని ముఖం కేసి చూస్తున్నారు. నేను తాత ముఖం కేసి చూశాను.

తాత మంచం మీది నుంచి లేచాడు. "సత్తిగా, నువ్వు పందెం ఏమని పెట్టినవురా?"

పెద్దబాపు రాయి దిక్కు చూశాడు.

"రాయి దాటితె అన్నవు. నూట అరువై కొడితె అనలే. గోనె లెక్కల నేను గెలిసిన. నా నూట అరువై నాకున్నది, దాన్ని ఎవ్వరు తీస్కపోలే. గాని రాయికి గోనెతోటి ఏం పని? రాయి నేల మీదున్నది. చిర్ర దాన్ని దాటింది. అందరు సూసిండ్రు. నేను గూడ ఇన్న."

పెద్దబాపు మొండివాడే కాని అన్న మాట మింగే మనిషి కాదు. "దాటింది," అన్నాడు. "పొద్దుమూకి ఆడుకోండ్రి. పొద్దుగాల పడుగు జోలికి వస్తె మాత్రం ఊకోను."

"పొద్దుగాల మేము మోట కాడుంటం సావుకారి. మాకేడ తీరుతది," అన్నాడు ఎల్లయ్య. మొదట నవ్వింది అవ్వ.

చీకటి పడకముందే నేను గులకరాయి పెట్టిన చోట ఒక నల్లరాయి తెచ్చి పాతారు. తెల్లరాయిని తీసేద్దామని ఎవరో అంటే ఎల్లయ్యే వద్దన్నాడు. ఇంటికి వస్తూ అవ్వ, "ఇగ నీ రాయి పాతదైంది," అంది. "నేను కాలేదా?" అన్నాడు తాత. "నువ్వెప్పుడో అయినవు, నీకు జెప్పలేదంతె," అంది.

మర్నాడు నేను పెద్దబాపు బట్ట కొలిచే ఇనుప గజం కట్టె తీసుకుని రెండు రాళ్లనూ కొలిచి, వాకిట్లో బొగ్గుతో లెక్క వేశాను. తాత దూరం ఎనభై గజాలు. ఎల్లయ్యది దానికి అయిదడుగులు ఎక్కువ. తాత గోనెతో కొలిస్తే ఎల్లయ్య దెబ్బ నూట అరవై మూడు దాటుతుంది, అతనే గెలుస్తాడు. ఎల్లయ్య గోనెతో కొలిస్తే తాతది నూట ముప్పై ఏడే, ఎల్లయ్యే గెలుస్తాడు. ఎవరి గోనెతో వాళ్లది కొలిస్తే మాత్రం తాత గెలుస్తాడు. మూడు లెక్కలూ రైటే. పదకొండేళ్ల పిల్లకు అది తలతిరిగే సంగతి. లెక్క ఒకసారి సరిగ్గా వస్తే దానికి ఒకే జవాబు ఉంటుందనుకునేదాన్ని. పెద్ద కట్టె దూరం కొడుతుంది కాని దూరాన్ని చిన్నగా చూపిస్తుంది. పొట్టివాడికీ పొడుగువాడికీ ఒకే ఆటలో తావుండాలని ఎవరో ఎప్పుడో ఆలోచించి పెట్టిన కట్టడి అది. ఆ సంగతి అప్పుడు తెలిసింది.

రాట్నం దగ్గరికి వెళ్లి తాతకు మూడు లెక్కలూ చెప్పి, "ఇంతకు ఎవలు పెద్ద తాతా?" అని అడిగాను. ఆయన ముందు చేతిలోని కండె నిండేదాకా చుట్టాడు.

"లెక్కలన్ని మంచిగనే ఏసినవు. ఒకటి ఇడిసినవు. నేను కొట్టిననాడు నా ముంగట రాయి లేకుండె. ఎంత పోతె అంత. వానికి రాయున్నది. రాయుంటె బుగులుంటది. ఆడికి పోవచ్చని ధైర్నం గూడ ఉంటది. గా రెండిట్ల ఏది ఎంత బరువో నీ గజం కట్టె కొలుస్తదా?"

కొలవదని ఒప్పుకున్నాను. ఇప్పటికీ కొలిచే కట్టె నాకు దొరకలేదు.

తాత ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ప్రతి సాయంత్రం మంచం వేయించుకుని బాట పక్కన కూర్చుని, ఎవరు కొట్టారో చప్పుడును బట్టి చెప్పేవాడు. ఆయన పోయిన రోజున ఎల్లయ్య పటేలును అడగకుండానే పని మాని వచ్చాడు. నైజాం పోయాక జీతం వదిలి, నందికొండ డ్యాము కట్ట కడుతున్నప్పుడు రాళ్లు మోయడానికి వెళ్లి, తర్వాత అక్కడే కాలువ నీళ్లు చూసే లస్కరుగా కుదిరాడు. నేను టీచరయ్యాక ఒకసారి పిల్లలను డ్యాము చూపించడానికి తీసుకెళ్తే కలిశాడు. నెరిసిన మీసాలు, ఖాకీ చొక్కా. పిల్లలందరి ముందు, "పట్వారమ్మా, ఇంక కొలుస్తనే ఉన్నవా?" అన్నాడు. అతని మనవరాలు ఇప్పుడు సూర్యాపేట దగ్గర లెక్కల టీచరు. అది నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇదంతా విన్నాక శ్రీజ ఆ రాళ్లు చూడాలని పట్టుపట్టింది. సోమవారం శ్రీజ బడికి మాత్రం ఏదో సెలవు కనుక ప్రవీణ్ కారులో తీసుకెళ్లాడు. పడుగుల బాట సగం ఇళ్లయింది. మిగిలిన సగంలో ప్రభుత్వ బడి ఉంది. పడుగులు ఇప్పుడు మిల్లు నుంచి గంజి పెట్టే వస్తాయి, బాటతో పనిలేదు. బడి ఆవరణలో, చెయ్యి కడుక్కునే పంపు పక్కన, తెల్లరాయీ నల్లరాయీ అలాగే ఉన్నాయి. పిల్లలు వాటి మీద కూర్చుని అన్నం తింటారట. ఆ పిల్లల్లో ఎవరు ఏ వాడ వాళ్లో నాకు తెలియలేదు. వాళ్లను చూసి చెప్పగలనేమోనని కాసేపు ప్రయత్నించాను కూడా. చేతకాలేదు. నా జీవితంలో లెక్క తప్పినందుకు సంతోషించిన సందర్భాలు తక్కువ.

శ్రీజ వెంట తెచ్చిన తాత గోనెతో రెండు రాళ్ల మధ్య కొలిచింది. మూడు గోనెలు, ఆ మీద కొంచెం. "అంటే అయిదడుగులు. అవ్వా, నీ లెక్క కరెక్టే," అంది. లేచి, గోనెను చేతి పక్కన పెట్టుకుంది. మోచేయి నుంచి వేళ్ల కొనదాకా, ఆ మీద రెండు వేళ్లు. రెండుసార్లు చూసుకుని నా దిక్కు తిరిగింది. "ఇది నాది కాదు. అర అంగుళం ఎక్కువుంది."

"ఇంకో ఏడాదికి సరిపోతుందిలే, ఉంచుకో," అన్నాడు ప్రవీణ్.

నేను ఒప్పుకోలేదు. బడి వెనక తుమ్మచెట్లు ఉన్నాయి. అక్కడ పనిచేసే ఆయనను అడిగి ఒక కొమ్మ కొట్టించాను. శ్రీజ చెయ్యి చాపి నిలబడితే, ఆ చేతి పక్కన కొమ్మను పెట్టి, గోటితో గీత గీసి, అక్కడికి కోయించాను. పదిహేడున్నర అంగుళాలు. పచ్చి కట్టె కనుక ఎండలో పెట్టి, నూనె రాసి, రెండు వారాల తర్వాత ఆడమని చెప్పాను. తాత గోనె మళ్లీ నా కిటికీకే వచ్చింది.